నమూనాల ఫొటోలు: కెమెరా కొనే ముందు వేసుకోవలసిన లెక్క

శ్రీకాళహస్తి పాత రాజగోపురం 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించినది. 2010 మే నెలలో అది కూలిపోయింది. దాని చోట ఇప్పుడు నిలిచి ఉన్నది కొత్తగా కట్టినది. పాతదాన్ని ఫొటోలు ముందుపెట్టుకొని 1:100 కొలతలో నమూనాగా కట్టాలనుకున్నవారికి, సుమారు 120 అడుగుల ఆ గోపురం 37 సెంటీమీటర్లకు కాస్త తక్కువగా తేలుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది కనుక పీఎస్‌ఎల్‌వీని కూడా మన జిల్లా వస్తువనే చెప్పుకోవచ్చు. 44 మీటర్ల ఆ రాకెట్ అదే కొలతలో 44 సెంటీమీటర్లవుతుంది. తిరుపతిలోని రైల్వే క్యారేజి రిపేర్ షాపుకు వచ్చే ఐసీఎఫ్ (చెన్నైలోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) రకం రైలుపెట్టె పొడవు 21.3 మీటర్లు, రైలు నమూనాలు చేసేవారు విస్తృతంగా వాడే 1:87 కొలతలో అది 24.5 సెంటీమీటర్లు. మూడూ బల్ల మీద పట్టేవే. నెలల తరబడి కూర్చుని వీటిని కట్టినవారు చివరికి ఫొటో తీయవలసి వచ్చినప్పుడు కెమెరా దుకాణంలో అడిగే ప్రశ్న మాత్రం దాదాపు ఒకటే: ఏ మాక్రో లెన్స్ కొనమంటారు?

ఆ ప్రశ్న నిజానికి పురుగులనూ పూల కేసరాలనూ తీసేవారిది. మాక్రో లెన్స్ ప్రధానంగా ఇచ్చేది ఆవర్ధనం, అంటే చిన్న వస్తువును సెన్సర్ (కెమెరాలో వెలుగును పట్టే ఫలకం) మీద పెద్దదిగా పడేయగల శక్తి. నమూనాలు తీసేవారికి ఆ శక్తి అవసరమయ్యే సందర్భాలు తక్కువ. వారిని నిత్యం ఇబ్బంది పెట్టేది ఫోకస్ లోతు చాలకపోవడం: ముందు భాగం స్పష్టంగా వస్తే వెనుక భాగం మసకబారుతుంది, వెనుకది సరిచేస్తే ముందుది చెదిరిపోతుంది. ఈ కొరతను తీర్చే పరికరాలు వేరు, ఆవర్ధనాన్ని పెంచే పరికరాలు వేరు. రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల డబ్బు చేరవలసిన చోటికి చేరదు.

ఆవర్ధనం ఎంత కావాలి

లెక్క సులభం. సెన్సర్ వెడల్పును, ఫ్రేమ్‌లో పట్టించదలచిన వస్తువు వెడల్పుతో భాగిస్తే కావలసిన ఆవర్ధనం వస్తుంది. మధ్యతరగతి కెమెరాలలో ఎక్కువగా కనిపించే ఏపీఎస్‌-సీ సెన్సర్ వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు, కానన్‌లో అది 22.3. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ అయితే 36. పీఎస్‌ఎల్‌వీ నమూనా మొత్తం, పైన కింద కాస్త ఖాళీతో, కెమెరాను నిలువుగా తిప్పి 48 సెంటీమీటర్ల ఫ్రేమ్‌లో తీయాలంటే ఏపీఎస్‌-సీ కెమెరాకు కావలసిన ఆవర్ధనం ఇరవయ్యో వంతు. రైలుపెట్టెను పక్క నుంచి నిండుగా తీయడానికి పదకొండో వంతు చాలు. పెట్టె కింది చక్రాల చట్రాన్ని మాత్రమే 5 సెంటీమీటర్ల ఫ్రేమ్‌లో చూపాలంటే సగం కావాలి. గోపురం అంతస్తుల మీద నిజంలో ఒకటిన్నర మీటర్ల ఎత్తుండే సుధాశిల్పం (సున్నపు గచ్చుతో చేసిన బొమ్మ) ఒకటి 1:100లో ఒకటిన్నర సెంటీమీటర్లవుతుంది; దానిని ఒంటరిగా చూపదలిస్తేనే లెక్క 1:1 ఆవర్ధనం (వస్తువు సెన్సర్ మీద తన అసలు పరిమాణంలోనే పడటం) దగ్గరకు వస్తుంది, అంటే అసలైన మాక్రో లెన్స్ రంగంలోకి దిగేది అక్కడే.

ఇప్పుడు కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌ను చూద్దాం; ఆ అంకెలు మిల్లీమీటర్లలో దాని ఫోకల్ లెంగ్త్, అంకె పెరిగిన కొద్దీ దృశ్యం దగ్గరగా కనిపిస్తుంది. దుకాణదారు దానిని చులకనగా చూపుతాడు. కొన్నవారు కూడా ఏడాది తిరగకుండానే అలమరలో పెట్టేస్తారు. నికాన్ ఏఎఫ్‌-పీ 18-55 గరిష్ఠ ఆవర్ధనం 0.38, కానన్ 18-55 ఎస్‌టీఎం రకంలో ప్రచారంలో ఉన్న ఒకదానిది 0.36, రెండూ 25 సెంటీమీటర్ల దూరం వరకు ఫోకస్ చేస్తాయి. అంటే సుమారు 6 సెంటీమీటర్ల వెడల్పున్న భాగం ఫ్రేమ్ నిండుగా వస్తుంది. రాకెట్ మీది త్రివర్ణ పతాకం, పెట్టె తలుపు, గోపుర ద్వారం అన్నీ ఈ హద్దులోపలే ఉన్నాయి. పైగా 24 మెగాపిక్సెల్ కెమెరాలో 6 సెంటీమీటర్లు 6,000 పిక్సెళ్ల మీద పరుచుకుంటాయి కనుక ఒక్కో పిక్సెల్‌కు వచ్చేది మిల్లీమీటరులో నూరో వంతు. చదివే దూరంలో మన కన్ను విడదీసి చూడగలిగేది మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. కన్నుకు కనిపించని కుంచె గీతలను, త్రీడీ ప్రింటర్ వదిలిన సన్నని పొరలను కిట్ లెన్స్ కూడా నిర్దాక్షిణ్యంగా బయటపెడుతుంది. ఇంకా స్పష్టమైన లెన్స్ కోసం వెతికేవారు ఈ సంగతి ఒకసారి ఆలోచించుకోవడం మంచిది.

లోతు ఎందుకు చాలదు

ఫోకస్ లోతును నిర్ణయించేవి ముఖ్యంగా రెండు: ఆవర్ధనం, అపెర్చర్ సంఖ్య. అపెర్చర్ అంటే లెన్స్ లోపల వెలుగు దూరే రంధ్రం; ఎఫ్ పక్కన అంకె పెరిగిన కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది, లోతు పెరుగుతుంది. దగ్గరి ఫొటోలలో ఆవర్ధనం రెట్టింపైతే లోతు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. చిక్కంతా ఈ వర్గ సంబంధంలోనే ఉంది. ఏపీఎస్‌-సీ కెమెరాలో ఎఫ్ 11 పెట్టి లెక్కిస్తే, ఇరవయ్యో వంతు ఆవర్ధనంలో 18 సెంటీమీటర్ల లోతు దొరుకుతుంది. 28 మిల్లీమీటర్ల మందమున్న రాకెట్ నమూనాకు అది కావలసినదానికన్నా ఎక్కువే. పదో వంతుకు వచ్చేసరికి లోతు సుమారు 5 సెంటీమీటర్లకు దిగుతుంది. సగం ఆవర్ధనంలో రెండున్నర మిల్లీమీటర్లకు కాస్త పైన. 1:1లో ఒక మిల్లీమీటరు కూడా ఉండదు.

రైలుపెట్టెను పక్క నుంచి కాక, అందరూ ఇష్టపడే విధంగా 45 డిగ్రీల కోణంలో, ఇంజను వైపు కొస దగ్గరగా వచ్చేటట్లు తీయాలనుకుందాం. అప్పుడు పెట్టె ముందు కొసకు, వెనుక కొసకు మధ్య దూరం 17 సెంటీమీటర్లు. ఫ్రేమ్ వెడల్పు 20 సెంటీమీటర్లు పెట్టుకుంటే ఎఫ్ 11 దగ్గర దొరికే లోతు మూడున్నర సెంటీమీటర్లు మాత్రమే. పెట్టెలో ఐదో వంతు స్పష్టంగా ఉండి, మిగతాది క్రమంగా మసకబారుతుంది. దీనికి లెన్స్ నాణ్యతతో సంబంధం లేదు. లక్ష రూపాయల లెన్స్ పెట్టినా ఆ మూడున్నర సెంటీమీటర్లు మూడున్నరగానే ఉంటాయి.

ఈ మసక అందంగా ఉంటుందనే వారున్నారు. మనిషి ముఖానికి అది అందమే కావచ్చు కాని, నమూనాకు మాత్రం చేటు. నిజమైన రైలును ప్లాట్‌ఫారం మీద నుంచి చూసినప్పుడు ఈ చివర నుంచి ఆ చివర దాకా అంతా స్పష్టంగానే కనిపిస్తుంది. చేతికి దగ్గరగా ఉన్న చిన్న వస్తువును ఫొటో తీసినప్పుడే సగం మసకగా వస్తుందని మన కన్ను ఏనాడో నేర్చుకొని ఉంది. కనుక మసక కనబడగానే చూసేవారికి ఇది బొమ్మ అని తెలిసిపోతుంది. నిజమైన ఊళ్లను బొమ్మల కొలువులా కనిపించేటట్లు తీసే టిల్ట్ లెన్స్ (కెమెరాకు ఏటవాలుగా వంచగలిగే లెన్స్) ఫొటోలు ఈ అలవాటు మీదే ఆధారపడి పనిచేస్తాయి. అదే టిల్ట్ లెన్స్‌ను వ్యతిరేక దిశలో వంచితే ఫోకస్ తలాన్ని రైలుపెట్టె పొడవునా పరచవచ్చు. ఆస్ట్రియాకు చెందిన థియోడర్ షెయిమ్‌ఫ్లగ్ పేరు మీదుగా ఈ సూత్రం ప్రసిద్ధం. కానన్ 90 మిల్లీమీటర్ల టీఎస్‌-ఈ మాక్రో వంటివి అందుకే ఉన్నాయి. ధర చూస్తే అవి ప్రకటనల స్టూడియోలకే తగినవని అర్థమవుతుంది, కనుక ఇక్కడితో వదిలేద్దాం.

లోతు కోసం అపెర్చర్‌ను ఎఫ్ 22 దాకా మూసేస్తే సరిపోదా? కొంతవరకే సరిపోతుంది. రంధ్రం చిన్నదైన కొద్దీ వెలుగు దాని అంచుల దగ్గర వంగి చెదురుతుంది. బడి పాఠాలలో వివర్తనం అని చదువుకున్నది ఇదే. ఎఫ్ 22 దగ్గర ఒక్కో వెలుగు చుక్క సెన్సర్ మీద 30 మైక్రాన్లకు పైగా పరుచుకుంటుంది, 24 మెగాపిక్సెల్ ఏపీఎస్‌-సీ సెన్సర్‌లో ఒక పిక్సెల్ వెడల్పు 4 మైక్రాన్లే. ఫలితంగా లోతు పెరుగుతుంది కాని మొత్తం బొమ్మ మీద పలుచని మెత్తదనం కమ్ముకుంటుంది. ఫోన్‌లోనో కంప్యూటర్ తెర మీదో 2,000 పిక్సెళ్ల వెడల్పుతో చూపే ఫొటోకు ఎఫ్ 11 నుంచి ఎఫ్ 16 వరకు నిస్సంకోచంగా వాడవచ్చునని నా అభిప్రాయం. పెద్దదిగా అచ్చు వేయించాలంటే ఎఫ్ 8, ఎఫ్ 11 దగ్గర ఆగి, లోతును మరో మార్గంలో సంపాదించాలి.

ఆ మరో మార్గం ఫోకస్ స్టాకింగ్. కెమెరాను కదపకుండా, ఫోకస్‌ను ముందు కొస నుంచి వెనుక కొస వరకు కొద్దికొద్దిగా జరుపుతూ వరుసగా ఫొటోలు తీసి, ఒక్కోదానిలో స్పష్టంగా వచ్చిన భాగాలను సాఫ్ట్‌వేర్‌తో ఒకే ఫొటోగా కలపడం దీని పద్ధతి. పైన చెప్పిన రైలుపెట్టెకు 17 సెంటీమీటర్లను మూడున్నరతో భాగిస్తే ఐదు. ఒకదాని మీదికి ఒకటి కొంత రావాలి కనుక ఏడెనిమిది ఫొటోలు చాలు. పురుగులు తీసేవారు వందల ఫొటోలు కలుపుతారని విని భయపడనక్కరలేదు. నమూనాల ఆవర్ధనం తక్కువ కనుక సంఖ్య కూడా చిన్నదే. నమూనా కదలదు, ఎగిరిపోదు. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ అనేవి ఈ పనికి డబ్బు పెట్టి కొనుక్కునే సాఫ్ట్‌వేర్లు; ఉచితంగా దొరికే ఎన్‌ఫ్యూజ్ కూడా కాస్త ఓపిక ఉంటే పని నడిపిస్తుంది.

కెమెరా బాడీ ఎంపికకు ఇక్కడ నుంచి ఒక గట్టి ఆధారం దొరుకుతుంది. ఫోకస్‌ను తానే మెట్లు మెట్లుగా జరుపుతూ వరుస ఫొటోలు తీసుకోగల సౌకర్యం కొన్ని కెమెరాలలో ఉంది: ఒలింపస్, ఓఎం సిస్టమ్ కెమెరాలలో చాలావాటికి, కానన్ ఆర్10 వంటి వాటికి, నికాన్ జడ్5, జడ్6 వంటి వాటికి ఇది ఉంది, సోనీలో 2022లో వచ్చిన ఏ7ఆర్ 5 నుంచే మొదలైంది. ఇది లేని కెమెరాలో ఫోకస్ రింగ్‌ను చేత్తో తిప్పుకోవాలి, ఏడెనిమిది ఫొటోలకు అది పెద్ద శ్రమ కాదు. ఫుల్ ఫ్రేమ్ కోసం అప్పు చేయవలసిన అవసరం మాత్రం నాకు కనిపించదు. పెద్ద సెన్సర్ ప్రధాన లాభం తక్కువ వెలుగులో గరుకు చుక్కలు (నాయిస్) లేకుండా తీయగలగడం. కదలని వస్తువును ట్రైపాడ్ మీద ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ స్పందన) 100 పెట్టి ఒక సెకను, రెండు సెకన్లు తీసుకునే మనకు ఆ లాభంతో పని లేదు. లోతు విషయంలోనూ అంతే: ఒకే దృశ్యాన్ని ఒకే చోటు నుంచి తీసినప్పుడు ఏపీఎస్‌-సీలో ఎఫ్ 11 ఇచ్చే లోతుకు ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్ 16 దాకా మూయాలి, అప్పుడు వివర్తనం కూడా అదే మేరకు పెరుగుతుంది. చివరికి రెండూ సమానంగానే తేలతాయి. పాత డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దమున్న కెమెరా) ఇంట్లో ఉంటే, తెర మీద దృశ్యాన్ని పది రెట్లు పెద్దది చేసి ఫోకస్ చూసుకోగలిగితే, అదే వాడుకోవచ్చు. కొత్తది కొంటున్నవారు మాత్రం తెర వంగే మిర్రర్‌లెస్ (అద్దం లేని కెమెరా) తీసుకోవాలి. ఎందుకో తరువాతి భాగంలో తేలుతుంది.

చీమ కాదు, మనిషి చూపు

నమూనా ఫొటోలు రెండు రకాలు. పనితనాన్ని చూపేవి ఒక రకం: ఏ భాగం ఎలా చేశారో, రంగు ఎలా వేశారో కనబడాలి. నిజమైన వస్తువునే చూస్తున్నామనే భ్రమ కలిగించేవి మరో రకం. మొదటి రకానికి ఎంత దూరం నుంచి తీసినా నష్టం లేదు. రెండో రకంలో కెమెరా నిలిచే చోటే సగం పని చేస్తుంది, ఎందుకంటే దృశ్యంలోని దగ్గర దూరాల నిష్పత్తి కేవలం కెమెరా దూరాన్ని బట్టి ఏర్పడుతుంది.

ఇందాకటి రైలుపెట్టెనే తీసుకుందాం. 20 సెంటీమీటర్ల ఫ్రేమ్‌ను 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్‌తో తీయాలంటే సుమారు 95 సెంటీమీటర్ల దూరం కావాలి. 1:87 కొలతలో అది 83 మీటర్లు. అంత దూరం నుంచి టెలిఫొటోతో చూసినట్లు పెట్టె అణిగిపోయి, ముందు కొస, వెనుక కొస దాదాపు ఒకే ఎత్తులో కనిపిస్తాయి. అదే ఫ్రేమ్‌ను 24 మిల్లీమీటర్ల దగ్గర తీస్తే దూరం 23 సెంటీమీటర్లు, అంటే నిజంలో 20 మీటర్లు. పక్క ప్లాట్‌ఫారం మీద నిలబడిన మనిషికి కనిపించే దృశ్యం అదే. అందుకే భ్రమ కావలసినప్పుడు ఏపీఎస్‌-సీ కెమెరాలో 20 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య ఫోకల్ లెంగ్త్ నమూనాలకు నప్పుతుంది. 90, 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్‌లు పనితనం చూపే ఫొటోలకు, ముఖ్యంగా లెన్స్‌కూ వస్తువుకూ మధ్య దీపం పెట్టుకునే చోటు కావలసిన చోట, బాగా ఉపయోగపడతాయి. పొట్టి లెన్స్‌తో లోతు ఎక్కువ వస్తుందనే మాట మాత్రం పూర్తిగా నమ్మదగినది కాదు. ఫ్రేమ్ ఒకటే అయినప్పుడు నమూనా మీది లోతు రెండింటిలోనూ దాదాపు ఒకటే, వెనుక దృశ్యం మసక మాత్రం పొట్టి లెన్స్‌లో తక్కువగా కనిపిస్తుంది.

ఎత్తు సంగతి ఇంకా కఠినమైనది. నిలబడిన మనిషి కంటి ఎత్తు 1.6 మీటర్లనుకుంటే 1:100లో అది 16 మిల్లీమీటర్లు, 1:87లో 18. లెన్స్ కేంద్రం నమూనా నేలకు అంత ఎత్తులోనే ఉండాలి. 70 మిల్లీమీటర్ల వ్యాసమున్న లెన్స్‌ను బల్ల మీద ఆనించి పెట్టినా దాని కేంద్రం 35 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే మొదటి అంతస్తు కిటికీ లోంచి చూసినట్లు. కనుక నమూనాను బల్ల అంచుకు తెచ్చి, కెమెరాను బల్ల కన్నా కిందికి దించి నిలపాలి, లేదా నమూనా కింద రెండు మూడు అంగుళాల పలక వేయాలి. అప్పుడు వంగే తెర లేకపోతే మెడ విరుచుకోవలసి వస్తుంది. గోపుర నమూనాకు ఇది మరీ ముఖ్యం. తేరు వీధిలో నిలబడి తలెత్తి చూసినప్పుడు గోపురానికి వచ్చే గాంభీర్యం, మిద్దె మీద నుంచి చూసినట్లు తీసిన ఫొటోలో రాదు.

ఈ విషయంలో ఫోన్‌ను మించినది లేదు. తలకిందులుగా తిప్పి బల్ల మీద నిలబెడితే దాని లెన్స్ నేలకు ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తులోకి దిగుతుంది. రెండు ఇళ్ల నమూనాల మధ్య సందులోకి కూడా దూరుతుంది. సెన్సర్ చిన్నది కనుక, ముఖ్యంగా అల్ట్రావైడ్ కెమెరాలో, ఫోకస్ లోతు ధారాళంగా ఉంటుంది. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో మొదలు ఖరీదైన ఫోన్లలో అల్ట్రావైడ్ కెమెరానే 2 సెంటీమీటర్ల దగ్గరి వరకు ఫోకస్ చేయగలుగుతోంది. చౌక ఫోన్లలో మాక్రో అని విడిగా ఇచ్చే 2 మెగాపిక్సెల్ కెమెరా మాత్రం ఫోన్ డబ్బా మీద అంకె పెంచడానికి తప్ప దేనికీ కొరగాదు. దానికన్నా ప్రధాన కెమెరాతో ఒక జానెడు వెనక్కి జరిగి తీసి, అంచులు కత్తిరించుకోవడం మేలు. ఫోన్‌లో చిక్కల్లా రంగులను, అంచులను అది తనంతట తాను దిద్దేయడం. ఎంతో శ్రమపడి వేసిన తుప్పు మరకలు, వాన చారలు నున్నగా మాయమవుతాయి. రా ఫైలు (ఫోన్ దిద్దని ముడి ఫొటో) తీయగల యాప్ వాడితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

మాక్రో లెన్స్‌కు ముందు మెట్లు

కిట్ లెన్స్ ఇచ్చే 6 సెంటీమీటర్ల హద్దు దాటి ఇంకా దగ్గరకు వెళ్లవలసినవారికి కూడా మాక్రో లెన్స్ ఒక్కటే దారి కాదు. లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ ట్యూబుల్లో గాజు ఉండదు. ట్యూబు పొడవును ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎంత ఆవర్ధనం కలుస్తుందో తెలుస్తుంది. 50 మిల్లీమీటర్ల లెన్స్‌కు 25 మిల్లీమీటర్ల ట్యూబు సగం ఆవర్ధనాన్ని చేరుస్తుంది. అదే ట్యూబును 18 మిల్లీమీటర్ల దగ్గర పెడితే ఫోకస్ లెన్స్ లోపలే పడిపోతుంది, ఏదీ కనబడదు. అపెర్చర్‌ను కెమెరా నుంచి నడిపే విద్యుత్ కాంటాక్టులున్న ట్యూబులే కొనాలి. అవి లేనివి కొంటే చాలా కొత్త లెన్స్‌లలో అపెర్చర్ పూర్తిగా తెరుచుకొని ఉండిపోతుంది, మనకు కావలసిన లోతే పోతుంది. లెన్స్ ముందు తగిలించే క్లోజప్ లెన్స్‌లలో ఒకే గాజుతో చేసిన చౌక రకం అంచులలో రంగు చారలు చూపిస్తుంది. రేనాక్స్ డీసీఆర్ 150 వంటి బహుళ గాజుల రకం బాగుంటుంది.

నాకు అన్నిటికన్నా నచ్చే బేరం పాత మాన్యువల్ మాక్రో లెన్స్. నికాన్ 55 మిల్లీమీటర్ల మైక్రో నిక్కార్ ఒక్కటే సగం ఆవర్ధనం దాకా వెళ్తుంది, అపెర్చర్ రింగ్ లెన్స్ మీదే ఉంటుంది, అడాప్టర్ వేస్తే ఏ మిర్రర్‌లెస్ మీదైనా కూర్చుంటుంది. ఆటోఫోకస్ లేకపోవడం నమూనాల పనిలో లోటే కాదు. కొత్త మాక్రో లెన్స్ కొనే స్తోమత ఉన్నవారు నికాన్ 40 మిల్లీమీటర్ల డీఎక్స్ మైక్రో, కానన్ ఆర్‌ఎఫ్ 35 మాక్రో వంటి పొట్టివాటిని ముందు చూడాలని నా సలహా. మొదటిది 1:1 వరకు, రెండోది సగం వరకు వెళ్తాయి. మనిషి చూపుకు దగ్గరైన దూరాన్నీ ఇస్తాయి. కాకపోతే 40 మిల్లీమీటర్ల లెన్స్‌లో 1:1 దగ్గర లెన్స్ మూతి నమూనాకు కొద్ది సెంటీమీటర్ల దూరంలోకి వచ్చి, దాని నీడే నమూనా మీద పడుతుంది. శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాల కొయ్య శిల్పాల చెక్కడం వంటి సూక్ష్మమైన పనిని 1:1లో తీయదలచినవారికి 90, 100 మిల్లీమీటర్ల లెన్స్ ఇచ్చే ఎడం అప్పుడు కావలసి వస్తుంది.

వెలుగు

డబ్బు ఎక్కువగా పెట్టవలసిన చోటు ఇదేనంటే చాలామంది నమ్మరు. పెద్ద డబ్బు కూడా అక్కరలేదంటే మరీ నమ్మరు. ఆకాశంలో సూర్యుడు మనకు అర డిగ్రీ వెడల్పున కనిపిస్తాడు. అందువల్లే ఎండలో నీడల అంచులు పదునుగా ఉంటాయి. నమూనా మీద కూడా అదే పదును రావాలంటే దీపం కూడా నమూనాకు అర డిగ్రీగానే కనిపించాలి: ఒక సెంటీమీటరు వెడల్పున్న ఎల్‌ఈడీ బల్బును సుమారు 115 సెంటీమీటర్ల దూరంలో పెడితే ఆ లెక్క సరిపోతుంది. పెద్ద సాఫ్ట్‌బాక్స్‌ను (దీపం వెలుగును మెత్తబరిచే గుడ్డ పెట్టెను) నమూనా పక్కనే పెట్టేవారికి వచ్చేది మబ్బు పట్టిన రోజు వెలుగు; పనితనం చూపడానికి అది చక్కనిదే, ఎండ భ్రమకు మాత్రం పనికిరాదు. ఒక చిన్న దీపం దూరంగా, దాని ఎదుటి వైపు నీడలను కొంచెం తేలికపరచడానికి ఒక తెల్ల థర్మోకోల్ పలక, ఇంతే చాలు. తెల్లని రాకెట్ నమూనా మీద దీపం మచ్చలా మెరిసిపోతున్నప్పుడు మధ్యలో ఉతికిన తెల్ల పంచె ఒక పొర అడ్డం కడితే మెరుపు పరుచుకుంటుంది. పోలరైజర్ ఫిల్టర్ నిగనిగలాడే రంగు మీది మెరుపును తగ్గిస్తుంది కాని, గోపుర కలశాలకు అంటించిన లోహపు రేకు మీద దాని ప్రభావం దాదాపు ఉండదు. అక్కడ తెల్ల పలకను కలశంలో ప్రతిబింబించేటట్లు జరుపుకోవడమే మార్గం.

దీపాలను ఎంచేటప్పుడు రెండు విషయాలు చూసుకోవాలి. రంగుల ఖచ్చితత్వాన్ని తెలిపే సీఆర్‌ఐ 95 పైన ఉండాలి, లేకపోతే రైలుపెట్టె ఎరుపు, రాకెట్ అంతస్తుల మధ్య పట్టీల రంగు చచ్చిపోయినట్లు వస్తాయి. మన విద్యుత్తు 50 హెర్ట్‌జ్ కనుక చౌక ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు మిణుకుమంటాయి. సెకనులో యాభయ్యో వంతు లేదా అంతకన్నా నిదానమైన షట్టర్ వాడితే చారలు రావు. కిటికీ వెలుగును, దీపం వెలుగును ఒకే ఫొటోలో కలపకుండా ఉంటే తెలుపు సరిచేసుకోవడం తేలిక.

అసలు సూర్యుణ్నే వాడుకోవచ్చు. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర, మళ్లీ ఆగస్టు మధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ ఎండలో తీసిన గోపురానికి ప్రతి అంతస్తు చూరు నీడ కింది శిల్పాలను మింగేస్తుంది. డిసెంబరులో మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన సుమారు 53 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. శేషాచలం కొండలు ఊరికి ఉత్తరాన ఉండటం నమూనాలు తీసేవారికి కలిసివచ్చే సంగతి: మిద్దె పిట్టగోడ మీద పలక వేసి, నమూనా పెట్టి, ఉత్తరం వైపు తిరిగి తీస్తే చలికాలమంతా వెలుగు వెనుక నుంచి నమూనా మీదా, దూరాన కొండ చరియల మీదా ఒకే దిశలో పడుతుంది. గీసిన పరదా ఏదీ దీనికి సాటిరాదు. అయితే 30 సెంటీమీటర్ల దూరంలోని నమూనా, కిలోమీటర్ల దూరంలోని కొండ రెండూ ఒకే ఫోకస్‌లో పట్టవు. 18 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్ 16 పెట్టినా అర మీటరు నుంచి అవతలి దృశ్యమే స్పష్టంగా ఉంటుంది. నమూనాను అర మీటరు దూరానికి జరపడం ఒక పరిష్కారం. నమూనాకు ఒకటి, కొండకు ఒకటి చొప్పున రెండు ఫోకస్‌లతో తీసి కలపడం ఇంకొకటి. కొండ కొంత మసకగా ఉన్నా నష్టం లేదు, నిజమైన దూరపు కొండ కూడా మంచులో అలాగే ఉంటుంది.

నిలకడ, ఆ తరువాత ఖర్చు క్రమం

సెకను పాటు షట్టర్ తెరిచి ఉంచే పనిలో ట్రైపాడ్ లేకుండా ఏదీ నడవదు. చూడవలసిన గుణం ఎత్తు కాదు, బరువు. మధ్య కర్రను తలకిందులుగా బిగించుకోగలిగితే కెమెరాను బల్ల కన్నా కిందికి దించుకోవచ్చు. ట్రైపాడ్ పైన కెమెరాను అటూ ఇటూ తిప్పే బంతి తలల్లో చౌకవి బిగించాక అర డిగ్రీ కిందికి జారతాయి. దుకాణంలోనే కెమెరా పెట్టి, బిగించి, తెర మీద గమనించి కొనాలి. స్టాకింగ్ కోసం కెమెరాను ముందుకు వెనక్కు జరిపే ఫోకసింగ్ రెయిల్ అనే పట్టా సాధనం అమ్మజూపుతారు. 1:1 లోపు ఆవర్ధనంలో అది అనవసరం, పైగా కెమెరా జరిగిన కొద్దీ దృశ్యకోణం మారి కలపడం కష్టమవుతుంది. ఫోకస్ రింగ్ తిప్పడమే మంచిది. రెండు సెకన్ల సెల్ఫ్ టైమర్ ఉచితంగా వచ్చే రిమోట్. ఇక సీలింగ్ ఫ్యాను: మే నెల తిరుపతిలో దాన్ని ఆపమనడం దయలేని మాటే, కాని రైలు నమూనా మీది సన్నని తీగలు, చెట్ల ఆకులు గాలికి కదిలితే ఏడెనిమిది ఫొటోలు ఒకదానితో ఒకటి అతకవు.

చేతిలో ఏ కెమెరా ఉన్నా, ఖర్చు ఈ వరుసలో సాగాలని నా అభిప్రాయం: మొదట బరువైన ట్రైపాడ్, తరువాత మంచి సీఆర్‌ఐ ఉన్న దీపాలు, ఆపైన స్టాకింగ్ సాఫ్ట్‌వేర్, అప్పటికీ 6 సెంటీమీటర్ల కన్నా చిన్న భాగాలే తరచూ తీయవలసి వస్తోందని తేలితే ట్యూబులు లేదా పాత మాన్యువల్ మాక్రో, అన్నిటి తరువాత కొత్త మాక్రో లెన్స్. కెమెరా బాడీ మార్పు ఈ వరుసలో ఎక్కడా రాదు, తెర వంగని కెమెరాతో విసిగిపోయినవారికి తప్ప.

పాత లెన్స్ కొనేవారు దాన్ని దీపానికి ఎదురుగా పట్టి, అపెర్చర్ తెరిచి, లోపల సాలెగూడు దారాల్లాంటి బూజు ఉందేమో చూసుకోవాలి. ఇంటికి తెచ్చాక కూడా జాగ్రత్త తప్పదు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కురుస్తాయి. ఆ తేమలో తోలు సంచిలో వదిలేసిన లెన్స్‌కు బూజు త్వరగా పడుతుంది. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు ఉంచి, పొట్లాలలోని గింజలు రంగు మారినప్పుడు వేడిచేసి మళ్లీ వాడుకుంటే సరిపోతుంది.